కొత్త కాపురం లారీ ఆగిన చోటు

లారీ నడపడం ఎలాగో ఇప్పటి పిల్లలకు నేను చెప్పనక్కర్లేదు. మీ బండ్లలో స్టీరింగు ఒక చేత్తో తిరుగుతుంది, వెనక ఏముందో ఎదురుగా తెరమీద కనిపిస్తుంది, ఎక్కడ మలుపు తిరగాలో ఫోను చెబుతుంది. నేను చెప్పబోయేది ఆపడం గురించి. ఇంటి సామాన్ల లారీని ఊరి నడిబొడ్డున ఎక్కడ ఆపాలో ఆ ఫోను ఇప్పటికీ చెప్పడం లేదని, హైదరాబాదులో ఇదే పని చేస్తున్న మా మేనల్లుడు మొన్న వచ్చి వాపోయాడు. వాడికి చెప్పిన ముచ్చటే మీకూ చెబుతున్నాను.

నా ఉద్యోగంలో మొదటి సగం పిడుగురాళ్ల సున్నం లోడ్లతో గడిచింది. ఆ పనిలో బండి ఆపడం ఒక సమస్యే కాదు. బట్టీల దగ్గర కావలసినంత ఖాళీ, దించే చోట అంతకన్నా ఖాళీ. దుమ్ముకు దగ్గు పట్టుకున్నాక ఇంట్లోవాళ్లు ఇక చాలన్నారు. అప్పుడు నరసరావుపేటలో ఇళ్ల సామాన్లు చేరవేసే ఒక ట్రాన్స్‌పోర్టులో చేరి, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. ఈ పనిలోకి వచ్చాకే ఒక సంగతి తెలిసింది. మాచర్ల నుంచి పేట దాకా ఎంత దూరమైనా అది లారీ పడే కష్టం. లారీ ఆగిన చోటు నుంచి ఇంటి గుమ్మం దాకా ఉండేది మనుషులు పడే కష్టం. ఆగే చోటు సరిగ్గా దొరికితే హమాలీలు పాటలు పాడుకుంటూ దించుతారు. దొరక్కపోతే నన్ను తిట్టుకుంటూ దించుతారు.

మా హమాలీల మేస్త్రీది పెదకూరపాడు వైపు ఊరు. భారీ మనిషి. బీరువాను వీపు మీద వేసుకుని కూడా కబుర్లు చెప్పేవాడు. నన్నూ, మా ఓనర్నీ, దారిలో అడ్డొచ్చిన గేదెనూ కూడా ఒకే వరసలో బావా అని పిలిచేవాడు. ఏ ఇబ్బంది ఎదురైనా అతని నోట వచ్చే మాట ఒక్కటే. ఏం కాదు బావా. ఆ మాటను నమ్మి నేను చానాసార్లు ఇరుక్కున్నాను. ఆ రోజు కూడా అలాగే ఇరుక్కున్నాను. కాకపోతే అంత సంతోషంగా ఇరుక్కున్న రోజు నా ఉద్యోగంలో మరొకటి లేదు.

ఆ రోజు లోడు రెండు ఇళ్లది. సగం సామాను మాచర్లలో, సగం గురజాలలో. దించేది మాత్రం పేటలో, పెద్ద బజారు రోడ్డు పక్క సందులో ఉన్న ఒకే ఇంట్లో. ఇద్దరు అన్నదమ్ములు కలిసి కాపురం పెడుతున్నారేమో అనుకున్నాం. మాచర్లలో తలుపు తీసింది ఒక రిటైరైన నర్సమ్మ. తెల్లటి జుట్టు, చేతికి గడియారం, ఎవరికైనా సూది వేయబోయే ముందు చూసినట్టు చూసే చూపు. సామాను కట్టిన తీరు చూసి మేస్త్రీ నోరు తెరిచాడు. కుర్చీ కాళ్లకు బ్యాండేజీ గుడ్డ చుట్టి ఉంది. ప్రతి పెట్టె మీదా ప్లాస్టరు ముక్క అంటించి, లోపల ఏముందో రాసి ఉంది. మేం ఎత్తుతుంటే ఆవిడ పక్కన నిలబడి, నడుము వంచి కాదు, మోకాళ్లు వంచి లేపండి అని మాకు నేర్పింది. మేస్త్రీ బుద్ధిగా మోకాళ్లు వంచాడు.

గురజాలలో తలుపు తీసింది ఒక పెద్దాయన. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన సామాను ఆయనలాగే ఉంది. మంచం ఒకచోట, దాని కోళ్లు ఇంకోచోట. నర్సమ్మ లారీ దిగి నేరుగా వంటింట్లోకి వెళ్లి, ఇంకా మూట కట్టని గిన్నెలు చూసి, ఇంత పొద్దెక్కేదాకా ఏం చేశారని ఆయన్ని నిలదీసింది. ఆయన నవ్వుతూ తల గోక్కున్నాడు. అప్పుడు మాకు అర్థమైంది, వీళ్లు అన్నాచెల్లెళ్లూ కారు, బంధువులూ కారు, మొగుడూ పెళ్లాలు. కొత్తగా అయ్యారు.

సంగతంతా దారిలో కేబిన్లో కూర్చుని కండక్టరు గారే చెప్పారు. ఆవిడ ఏళ్లతరబడి ఆయన బస్సులోనే డ్యూటీకి వెళ్లేది. తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ ఒడ్డున పడేస్తూ తన పెళ్లి సంగతి మరిచిపోయింది. ఈయన భార్య జబ్బుపడి పోయాక, రిటైరయ్యాక, గురజాల ఇంట్లో ఒంటరిగా ఉండలేక ఊరికే బస్సెక్కి మాచర్ల దాకా వెళ్లి వచ్చేవాడు. ఒకరోజు ఆ బస్సులో ఆవిడ కనిపించింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఇద్దరికీ పక్కపక్క సీట్లు దొరికాయి. ఆ తర్వాత రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టారు. ఆవిడ చర్చికి వెళ్లే మనిషి, ఈయన కొండకు వెళ్లే మనిషి. ఎవరి దేవుడు వాళ్లకుండేట్టు ముందే మాట్లాడుకున్నారట. ఊరేగింపు ఒక్కటే జరగలేదని ఆయన అన్నాడు. ఈ వయసులో ఊరేగింపేందని ఆవిడ కసిరింది.

పేటకు చేరేసరికి బజారు మంచి రద్దీలో ఉంది. ఆ సందును చూసిరమ్మని నేను మేస్త్రీని లోడుకు బయల్దేరక ముందే ఒకసారి పంపాను. అతను వెళ్లొచ్చి, తిరునాళ్లకు బండి మీద కట్టే అంతెత్తు ప్రభ కూడా పట్టుద్ది బావా, ఏం కాదు అన్నాడు. అతను వెళ్లింది ఆదివారం, కొట్లన్నీ మూసి ఉన్నప్పుడు. ఇప్పుడు సందు మొదట్లో ఇటు చెప్పుల బండి, అటు పూల బండి, మధ్యలో నాలుగు వరసల మోటారు సైకిళ్లు. లారీ సంగతి సరే, ఆ సందులోకి నేను ఒక్కణ్ణి పోవాలన్నా పక్కకు తిరిగి పోవాలి. నేను మేస్త్రీ వైపు చూశాను. అతను సందు వైపు చూసి, ఆదివారం ఇట్టా లేదు బావా అన్నాడు, సందే ఏదో మోసం చేసినట్టు.

ఇక రోడ్డు మీదే ఎక్కడో నిలపాలి. ఒక బట్టల కొట్టు ముందు ఆపబోతే పెళ్లి బేరాలు వచ్చే వేళ అని యజమాని చేతులు జోడించాడు. కొంచెం ముందు ఆపితే ట్రాఫిక్కు డ్యూటీలో ఉన్న కానిస్టేబులమ్మ విజిల్ వేసింది. ముందుకు పోతే స్టేషన్ రోడ్డు, అక్కడి నుంచి తిరిగి మళ్లీ బజారు. చుట్టు తిరిగి వచ్చేసరికి ఖాళీ అయినట్టు కనిపించిన చోటును ఆటోలు ఆక్రమించేవి. మళ్లీ చుట్టు. సామాను మీద కప్పిన పట్టా కింద నుంచి పైకి లేచిన మంచం కోళ్లు రోడ్డుకు అడ్డంగా కట్టిన ఫ్లెక్సీని గీసుకుంటూ పోతుంటే, వెనక సామాన్ల మీద కూర్చున్న హమాలీలు దాన్ని కర్రతో ఎత్తిపట్టుకునేవాళ్లు. బజారు జనం మమ్మల్ని గుర్తుపట్టడం మొదలుపెట్టారు. చెరుకు రసం బండి ఆయన మేం కనిపించినప్పుడల్లా చెయ్యి ఊపేవాడు. కండక్టరు గారు తిరిగి చెయ్యి ఊపేవారు. ఊరేగింపు జరగలేదని బాధపడ్డాను, ఇదిగో జరుగుతోంది అని ఆయన అంటే నర్సమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

నాకు మాత్రం నవ్వు రావడం లేదు. మబ్బు కమ్ముకుంటోంది, లోడులో రెండు కొత్త పరుపులున్నాయి. ఇంటి యజమాని ఫోను మీద ఫోను చేస్తున్నాడు. ఆ ఇల్లు ఇంకెవరో అడుగుతున్నారట, సామాను ఇవాళ దిగకపోతే ఇస్తానన్న మాట నిలబెట్టుకోలేనని అంటున్నాడు. ఈ వయసులో పెళ్లి చేసుకున్నవాళ్లకు ఇల్లిచ్చేవాళ్లు దొరకడం ఎంత కష్టమైందో కండక్టరు గారు దారిలో చెప్పి ఉన్నారు.

ఇంకో సంగతి నాకు అంతుపట్టలేదు. సందుకు ఆనుకునే ఒక ప్లాస్టిక్ సామాన్ల కొట్టుంది. కుర్చీలు, టబ్బులు, బిందెలు, చాపలు. కొట్టు ముందు మా లారీ దర్జాగా పట్టేంత జాగా ఉంది, కాకపోతే సరుకు పరిచి ఉంది. ఓ మాట అడిగి సరుకు జరిపిస్తే మన పని అయిపోద్దని ప్రతి చుట్టులోనూ నేను అక్కడ నెమ్మది చేసేవాణ్ణి. ప్రతిసారీ కండక్టరు గారు, ఇక్కడ వద్దు, పోనీ పోనీ అనేవారు. ఆ ఒక్క చోట మాత్రం ఆయన గొంతులో నవ్వు ఉండేది కాదు. చివరికి విసుగొచ్చి, ఎందుకు వద్దో చెప్పండి సార్ అని గట్టిగానే అడిగాను.

నర్సమ్మ చెప్పింది.

"అది ఆయన కొడుకు కొట్టు. పెళ్లైన కాడ్నించి తండ్రీకొడుకులకు మాటల్లేవు."

నేను ఇంకో చుట్టు తిరిగాను. అయితే ఊళ్లో ఇన్ని ఇళ్లుండగా ఆ కొట్టు పక్క సందులోనే ఇల్లెందుకు తీసుకున్నారని నాలో నేను అనుకుంటూనే ఉన్నాను. ఆ ఇల్లు వెతికింది ఆవిడేనని తర్వాత తెలిసింది.

మళ్లీ బజారులోకి వచ్చేసరికి కానిస్టేబులమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. కోపంగా కూడా లేదు, అలిసిపోయి ఉంది. మీరు తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి పెద్దాయనా, ఇంకోసారి కనపడితే బైపాసుకు పంపించేస్తానంది. సరేనని బండి కదిపాను. కదిలీ కదలకముందే ఎదురుగా ఒక బస్సు, దానికి అడ్డంగా మిరపకాయ బస్తాల ట్రాలీ ఒకటి ఇరుక్కుని రోడ్డంతా బిగుసుకుపోయింది. మా లారీ ఆగింది సరిగ్గా ప్లాస్టిక్ కొట్టు ఎదురుగా.

నర్సమ్మ తలుపు తీయమంది. వద్దని కండక్టరు గారు ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. వాణ్ణి అడగాల్సిన పని లేదన్నారు. అడగటానికి కాదు, బకెట్టు కొనుక్కోడానికి అని ఆవిడ చెయ్యి విడిపించుకుంది. మెట్టు ఎత్తుగా ఉందని నేను దిగి ఆవిడకు చెయ్యందించాను. దించి వదిలెయ్యవచ్చు. నిజం చెప్పాలంటే ఏం జరుగుతుందో చూడాలని కొట్టు దాకా వెంట వెళ్లాను.

కొడుకు లోపల బల్ల వెనక నిలబడి ఉన్నాడు. ముప్పై దాటిన మనిషి, తండ్రి పోలికే. మేం చుట్టు తిరిగినప్పుడల్లా చూస్తూనే ఉన్నాడని అతని ముఖం చూస్తే తెలిసింది. ఆవిడ మామూలు కొనుగోలుదారు లాగా వెళ్లి బకెట్లు చూపించమంది. అతని నుంచి కొట్టు నడిపేవాడి నోట వచ్చే మాటే వచ్చింది.

"ఏ సైజు?"

"ఇద్దరం మనుషులం. మరీ పెద్దది వద్దు, ఆయన మొయ్యలేడు. నడుం నొప్పి."

అతను బకెట్టు తీయబోయి ఆగాడు. నడుం నొప్పి ఎప్పట్నుంచి అని అడిగాడు, బకెట్టు వైపే చూస్తూ. బీరువా తానొక్కడే జరపబోయాడనీ, చెబితే వినే మనిషి కాదనీ, ఆ సంగతి నీకు తెలియంది కాదనీ ఆవిడ అంది. అతను పెద్ద బకెట్టు వదిలేసి చిన్నది తీశాడు. తర్వాత ఆవిడ అడక్కుండానే స్నానాల గదిలో వేసుకునే స్టూలు ఒకటి తీసి, దాన్ని నేలకేసి నొక్కి చూసి, ఇది జారదు అన్నాడు. ఆవిడ చాప అడిగింది, చీపురు అడిగింది, తాగేనీళ్లకు బిందె అడిగింది. అతను ఒక్కొక్కటే తెచ్చి పెడుతున్నాడు. బల్ల మీద కుప్ప అయింది.

ఇవన్నీ ఎట్టా తీసకపోతారని అడిగాడు.

"లారీ ఉంది నాయనా," అంది ఆవిడ. "నిలబెట్టను చోటే లేదు."

అతను నా భుజం మీదుగా రోడ్డు వైపు చూశాడు. నేనూ వెనక్కి తిరిగి చూశాను. కేబిన్లో కండక్టరు గారు అటువైపుకు తిరిగి, ఎదుటి మందుల కొట్టు బోర్డును పరీక్షకు చదువుతున్నట్టు చదువుతున్నారు. వెనక హారన్లు మోగుతున్నాయి. కొడుకు బల్ల దాటి బయటికి వచ్చాడు. పనివాళ్లను పిలిచి, కుర్చీలు తీసెయ్యండి, టబ్బులు లోపల పెట్టండి అన్నాడు. తనే బిందెల వరసను చేతుల్లోకి ఎత్తుకున్నాడు. మేస్త్రీకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. లారీ మీద నుంచి దూకి, ఏం కాదు బావా అంటూ కొడుకు చేతుల్లోని బిందెలు అందుకున్నాడు. ఆ రోజు ఆ మాట నిజమైంది అప్పుడే.

ఇక బండిని వెనక్కి తీసుకోవాలి. కానిస్టేబులమ్మ వచ్చి, సంగతి గ్రహించి, వెనక బండ్లను ఆపింది. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. కండక్టరు గారికి అలవాటు చావలేదు. వద్దంటున్నా దిగి లారీ వెనక ఎడమ మూలకు వెళ్లి నిలబడ్డారు. కొడుకు కుడి మూలన నిలబడ్డాడు. నేను గేరు వేశాను.

రానీ రానీ అని కుడివైపు నుంచి వినపడింది. ఆపు ఆపు అని ఎడమవైపు నుంచి వినపడింది. ఆపాను. రైట్ రైట్ అని ఎడమవైపు, అప్పుడే కాదు అని కుడివైపు. మళ్లీ కదిపి మళ్లీ ఆపాను. ఇద్దరూ లారీ బాడీ మీద చేత్తో కొడుతున్నారు. ఒకరికొకరు కనపడుతూనే ఉన్నారు, మాట మాత్రం నాతోనే. కానిస్టేబులమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని చూస్తోంది. నేను ఇంజను ఆపేసి, కిటికీలోంచి తల బయటపెట్టాను.

"ముందు మీరిద్దరూ ఒక మాట మీదకు రండయ్యా, అప్పుడొస్తా."

రోడ్డు మీద జనం నవ్వారు. ఆ ఇద్దరికీ తప్పలేదు. కండక్టరు గారు నేల వైపు చూపిస్తూ, ఎవరికి చెబుతున్నారో తెలియనట్టుగా అన్నారు.

"ఇక్కడ కాలవ ఉంది. చక్రం దిగబడుద్ది."

"దాని మీద బండ వేయించా నాన్నా."

ఆ చివరి మాట అతను అనుకుని అన్నది కాదు. నోటికి అలవాటైన మాట దానంతటదే వచ్చేసింది. కండక్టరు గారు తల ఎత్తి కొడుకును చూశారు. అద్దాల్లో నాకు ఇద్దరూ కనపడుతున్నారు. ఆయన కాలితో బండను తట్టి చూశారు.

"ఎప్పుడు వేయించావు?"

"ఎండాకాలంలో. నువ్వు రాలేదుగా, నీకెట్టా తెలుసుద్ది."

ఆయన ఇంకోసారి గట్టిగా తట్టారు. బాగానే వేశాడు అన్నట్టు తల ఊపి, కొడుకు నిలబడ్డ మూలకు వెళ్లి పక్కనే నిలబడ్డారు. తర్వాత నాకు వెనక నుంచి ఒకే గొంతు వినపడింది. అది తండ్రిదో కొడుకుదో ఇంజను మోతలో తెలియలేదు. బండి ఒక్క ఊపున లోపలికి వెళ్లి ఆగింది. కానిస్టేబులమ్మ ఆపిన బండ్లను వదిలింది. హారన్లు ఆగిపోయాయి.

దించుడు పండగలా జరిగింది. కొట్టులో సరుకు తోసే చిన్న బండి ఒకటుంటే కొడుకు దాన్ని మాకిచ్చాడు. చెప్పుల బండి ఆయన తన బండిని పక్కకు లాగాడు. పూలమ్మే ఆవిడ ఏం అడగకుండానే గుమ్మానికి దండ ఇచ్చి పంపింది. ఎవరు కొత్త పెళ్లికూతురని ఒకరిద్దరు వచ్చి చూసి, నర్సమ్మను చూసి తడబడ్డారు. మేస్త్రీ మాత్రం, ఈమే, బాగా చూసుకోండి అని పరిచయం చేశాడు. చినుకులు మొదలయ్యేసరికి పరుపులు మేడ మీదకు చేరాయి.

ఆవిడ పెట్టెల్లో ఒకదాని మీద ప్లాస్టరు ముక్కలో 'జాగ్రత్త' అని మాత్రమే రాసి ఉంది. లోపల ఏముందో రాయని పెట్టె అదొక్కటే. దాన్ని మేస్త్రీ ఎత్తబోతుంటే ఆవిడ ఆపి, కొడుకును పిలిచి మూత తీయించింది. ఆవిడ డ్యూటీ చీరల మడతల మధ్య, పటం కట్టిన ఫోటో ఉంది. కొడుకు తల్లిది. గురజాల ఇంట్లో గోడ నుంచి తీసి ముందే మాచర్ల తెచ్చుకుని తన చేతులతో సర్దుకుందట, కండక్టరు గారి సర్దుడు మీద నమ్మకం లేక. అతను దాన్ని తీసుకుని సందులో నడిచాడు. మేం ఎవరం వెంట వెళ్లలేదు. అతను మేడ దిగి వచ్చేటప్పటికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. హాల్లో కిటికీ పక్కన పెట్టానమ్మా, మేకు నేనే కొట్టా అని ఆవిడకు చెప్పాడు. ఆవిడ చేయి చాచి అతని చొక్కా మీది సున్నం దులిపింది.

ఆవిడ ముందు తన ప్రార్థన చేసుకుని, తర్వాత ఆయన పద్ధతిలో పాలు పొంగించింది. ఆ పాలతోనే మాకందరికీ కాఫీ ఇచ్చింది. కానిస్టేబులమ్మకు గ్లాసు రోడ్డు మీదకే వెళ్లింది. పిడుగురాళ్లలో నాకోసం ఇంకో లోడు ఎదురు చూస్తోంది, ఫోను మోగుతోంది. అయినా కాఫీ తాగినంతసేపు తీయలేదు.

ఈ పనిలో ఉన్న పిల్లలకు నేను చెప్పేదల్లా ఒకటే. చోటు దొరకనప్పుడు రోడ్డును మాత్రమే చూడకండి, మీ కేబిన్లో కూర్చున్నవాళ్లను కూడా కాస్త చూడండి. ఎక్కడ ఆపాలో ఒక్కోసారి వాళ్లకు తెలిసే ఉంటుంది, నోట రాదు.

నేను బండి తీసేవేళకు వాన తెరిపిచ్చింది. కండక్టరు గారు మేడ ఎక్కలేదు. కొట్టు గుమ్మంలో ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని బజారును చూస్తున్నారు. అప్పుడే స్కూలు వదిలారు. కోడలు బండి మీద చిన్నపిల్లను తీసుకుని వచ్చింది. ఆ పిల్ల బండి దిగీ దిగకముందే తాతను చూసి ఆగిపోయింది, చూసి చాలా రోజులైన మనిషిని చూసినట్టు. పరుగెత్తుకెళ్లి ఆయన మోకాళ్ల మీద చేతులు వేసి, ఎట్టా వచ్చావు తాతా అని అడిగింది. లారీలో వచ్చానని ఆయన చెప్పాడు. ఆ పిల్ల నా బండిని పైనుంచి కిందికి చూసింది.

"మళ్లా ఎప్పుడు పోతావు?"

కండక్టరు గారు కొడుకు వైపు చూశారు. కొడుకు కుర్చీలను ఒక్కొక్కటిగా బయట పేరుస్తున్నాడు. చేతిలోని కుర్చీని తండ్రి పక్కన వేసి, దాని మీది తడిని తుడిచాడు.

"పోడు. కూర్చో," అన్నాడు కూతురితో.